చచ్చినవాడే ముద్దాయి

2019 డిసెంబరు 6వ తేది ఉదయం. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినారని డోన్‌లో మాకు తెలిసింది. ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, కాల్చివేశారన్నది వారిపై మోపిన నేరం. బస్టాండు దగ్గర స్నేహితులతో కలిసి నేనూ చప్పట్లు కొట్టినాను. ఇంటికొచ్చి సంబరంగా చెబితే మా అవ్వ అంతా విని, "సరేలే నాయనా, రేపు ఆ పిల్లోళ్ల అమ్మలు ఎవుర్ని అడగాల?" అనింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చట్టం చదువుతూ వెదకిన జవాబే ఈ వ్యాసం.

ఎదురుకాల్పులు జరిగాయనగానే సాధారణంగా స్టేషనులో ఒక ఎఫ్.ఐ.ఆర్. నమోదవుతుంది. అందులో ఫిర్యాది పోలీసు, ముద్దాయి చనిపోయినవాడు. నేరం హత్యాయత్నం: పాత శిక్షాస్మృతిలో 307వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 109వ సెక్షను. చచ్చినవాణ్ణి విచారించలేరు గనుక ఆ కేసు మూతపడుతుంది. కేసు నడుస్తున్నదని కుటుంబం నమ్ముతుంది గానీ, అది తమ బిడ్డను ఎవరు కాల్చారన్న కేసు కాదు, తమ బిడ్డ ఏం చేశాడన్న కేసు. ఆత్మరక్షణకై కాల్చడం చట్టం ఒప్పుకొన్నదే. కాని అది ఆత్మరక్షణేనని తేల్చవలసింది ఎవరు? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన రాయలసీమలోనే చూడండి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, చంద్రగిరి మండలంలో, ఎర్రచందనం కూలీలుగా చెప్పబడిన 20 మంది తమిళులు కాల్పుల్లో మరణించారు. తమపై దాడి చేశారని పోలీసులన్నారు. ముందే పట్టుకుపోయి చంపారని బంధువులన్నారు. మృతులలో ఒకరి భార్య భాష రాని రాష్ట్రానికి వచ్చి ఫిర్యాదు చేసింది. హైకోర్టు జోక్యం చేసుకొన్న మీదటనే హత్యా నేరం క్రింద కేసు నమోదయింది. ఆరు శవాలకు తిరువణ్ణామలైలో రెండవసారి పోస్టుమార్టం జరిగింది. మొదటి కాగితంలో ముద్దాయిగా ఉన్న మనిషిని రెండవ కాగితంలో హతునిగా రాయించడానికే ఒక కుటుంబం ఇంత దూరం నడవవలసి వచ్చింది!

ఈ సమస్యపై మన రాష్ట్రంలో పోరాటం పాతదే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులను విచారించిన జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. అటువంటి ప్రతి మరణంపైనా పోలీసులపై కేసు నమోదు చేయాలనీ, ఆత్మరక్షణను కోర్టులోనే రుజువు చేసుకోవాలనీ 2009లో హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2019లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది.

నేడు కుటుంబానికి ఆధారం 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలే. దర్యాప్తు సి.ఐ.డి. గానీ, వేరే స్టేషను వారు గానీ చేయాలి. మెజిస్ట్రేటు విచారణ తప్పక జరగాలి. ఇద్దరు వైద్యులు పోస్టుమార్టం చేయాలి, దానిని వీడియో తీయాలి. దగ్గరి బంధువులకు వీలైనంత త్వరగా కబురు చేయాలి. ఇవి జరగలేదనిపిస్తే కుటుంబం నేరుగా సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చు. మా అవ్వ ప్రశ్నకు చట్టంలో నాకు దొరికిన జవాబు ఈ ఒక్క వాక్యమే. డోన్ వాళ్లకైనా, తిరువణ్ణామలై వాళ్లకైనా అదే దారి.

ఇక చటాన్‌పల్లి సంగతి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెలువడింది. కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయనీ, మృతుల్లో ముగ్గురు మైనర్లనీ అభిప్రాయపడి, పదిమంది పోలీసులను హత్యానేరంపై విచారించాలని సిఫారసు చేసింది. సిఫారసు తీర్పు కాదు. ఆ పదిమందికీ లాయరును పెట్టుకొనే హక్కుంది, తమ మాట జడ్జికి చెప్పుకొనే హక్కుంది. ఉండాలి కూడా. ఆ నలుగురికి దక్కనిది సరిగ్గా అదే.

మిత్రులారా! ఆ పశువైద్యురాలి తల్లిదండ్రుల దుఃఖం చిన్నది కాదు. వారికి కోర్టులో రుజువైన న్యాయం అందవలసింది; ఆ అవకాశం కూడా ఆ ఉదయమే పోయింది. ఆనాడు కొట్టిన చప్పట్లను నేను వెనక్కి తీసుకోలేను. కాని మన ఊళ్లో ఏ తల్లయినా కాగితాలు పట్టుకొని ఎవరిని అడగాలని వస్తే, ఈసారి ఆమెకు దారి చెప్పగలను. చదువుకొన్నందుకు మనం చేయవలసిన కనీసపు పని అది.