బెల్టు మళ్లీ వెలగాలంటే

ప్రశ్న: జపాన్ టీవీ హీరో ‘కామెన్ రైడర్’ పాత బెల్టు బొమ్మ కొన్నాను. లైట్లు వెలగడం లేదు. ఆల్కలైన్ బ్యాటరీల చుట్టూ తెల్లటి పొడి ఉంది.
– ఒక పాఠకుడు, అల్లూరు

జవాబు: పారేయకండి. 1971 నుంచి నడుస్తున్న కథ తాలూకు బొమ్మ అది, కాపాడుకోదగ్గది. ఆ పొడి బ్యాటరీ కారగా మిగిలిన క్షారం. పైగా మీది సముద్రానికి దగ్గరి ఊరు, ఉప్పుగాలికి రేకులు త్వరగా తుప్పు పడతాయి. గ్లౌజులు వేసుకుని బ్యాటరీలు తీసేయండి. దూదిపుల్లను వెనిగర్‌లో కొద్దిగా తడిపి రేకులు, స్ప్రింగులు తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త బ్యాటరీలు వేయండి. ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దితే పూత పోతుంది. దాచేటప్పుడు బ్యాటరీలు తీసి, సిలికా జెల్ పొట్లంతో బిగుతు మూత డబ్బాలో పెట్టండి.

లోపలి బోర్డు మీద పచ్చటి చిలుము కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు. నెల్లూరులో సర్క్యూట్ బోర్డులు బాగుచేసే మెకానిక్‌కు చూపించండి.