ఖైదీ ఇంటికి వచ్చేముందు వైద్య పరీక్ష

జైలునుండి మనిషి తిరిగి వస్తున్నాడంటే ఇంటివారికి సంతోషంతోపాటు రెండు దిగుళ్లు ఉంటాయి. ఇరుగుపొరుగువారు ఏమంటారో అన్నది ఒకటి. ఏదైనా జబ్బు అంటించుకొని వస్తున్నాడేమో అన్నది రెండవది. ఇది ఎవరూ పైకి అనరు. అయితే ఈ దిగులులో కొంత నిజం లేకపోలేదు. కిక్కిరిసిన గదులు, చాలని గాలి వెలుతురు, అంతంతమాత్రపు తిండి ఉన్నచోట క్షయ సులభంగా పాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం జైళ్లలో క్షయ బయటికన్న దాదాపు పది రెట్లు ఎక్కువ. దీనికి మంచివాడు, చెడ్డవాడు అన్న తేడా లేదు. నెల్సన్ మండేలా గారికి 1988లో పోల్స్‌మూర్ జైలులో ఉండగా క్షయ బయటపడింది. సకాలంలో చికిత్స జరిగింది కనుక 1990లో ఆరోగ్యంగా బయటికి నడిచి వచ్చారు.

అలాగైతే, పరీక్ష చేయకుండా ఏ ఖైదీనీ విడుదల చేయరాదని చట్టం చేస్తే సరిపోదా? ఈ మాట తరచు వినబడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది, ఆచరణలో నిలవదు. మన దేశంలో 2022 చివర జైళ్లలో ఉన్నవారిలో నూటికి 75 మందికి పైగా శిక్ష పడనివారే, అంటే రిమాండు ఖైదీలే. వారి విడుదల తేదీ ఎవరికి తెలుసు? కోర్టులో బెయిలు వస్తుంది, కాగితాలు అందగానే మనిషి వెళ్లిపోతాడు. తెమడ పరీక్ష ఫలితం వచ్చేసరికి అతడు ఏ ఊరిలో ఉంటాడో! అందుచేత పరీక్ష జైలులో అడుగుపెట్టినప్పుడే జరగాలి, ఉన్నంతకాలం మధ్యమధ్య జరగాలి, విడుదల దగ్గరపడితే మరొకసారి జరగాలి. గేటు దగ్గర మాత్రమే పరీక్షిస్తే లోపల తోటివారికి అంటించిన నెలలన్నీ లెక్కలోకి రావు.

ఇక బలవంతం సంగతి. హెచ్.ఐ.వి. పరీక్షకు మనిషి సమ్మతి ఉండాలని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నవారికి పరీక్ష, సలహా, చికిత్స పొందే హక్కును కూడా అదే చట్టం ఇచ్చింది. పరీక్ష ఖైదీకి హక్కుగా అందితే అతడే ముందుకు వస్తాడు. మరొక శిక్షగా కనబడితే దగ్గును కూడా దాచిపెడతాడు. శిక్ష ముగిసినవాడిని రిపోర్టు సాకుతో ఒక్కరోజు ఆపినా అది అన్యాయమే. లేవీయకాండము 14వ అధ్యాయంలో యాజకుడు శిబిరం వెలుపలికి వెళ్లి కుష్ఠరోగిని పరీక్షించడం మనకు తెలిసినదే. ఆ పరీక్ష అతడిని తిరిగి జనం మధ్యకు తీసుకురావడానికే.

అసలు ప్రమాదం విడుదలైన మొదటి వారాల్లో ఉంటుంది. మామూలు క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. లోపల రెండు నెలలు మింగి, బయట పడగానే మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా కూడా మారవచ్చు. 1990లలో రష్యా జైళ్లలో ఇటువంటి మొండి క్షయ విపరీతంగా పెరిగి, విడుదలైనవారితో బయటికీ వచ్చింది. ఇంటివారు ఇక్కడే మేలుకోవాలి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు, "పరీక్ష చేశారా? మందులేమైనా ఇస్తున్నారా?" అని అతడినే నెమ్మదిగా అడగండి. మందులు వాడుతుంటే, చికిత్స కాగితం, కొన్నాళ్లకు సరిపడా మందులు చేతికివ్వమని, మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కేసు బదిలీ చేయమని జైలు డాక్టరుగారిని కోరండి. మందులు ఉచితం. పోషణకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలైంది. దానికి బ్యాంకు ఖాతా ఉండాలి. జైలునుండి వచ్చినవారిలో చాలామందికి చిక్కు ఇక్కడే వస్తుంది, ముందే చూసుకోవడం మేలు.

వచ్చినవాడికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టనక్కరలేదు. క్షయ కంచంతో రాదు, దగ్గు తుంపరల గాలితో వస్తుంది. సరైన మందు మొదలైన కొద్ది వారాల్లో చాలామందిలో సోకించే గుణం బాగా తగ్గిపోతుంది. హెచ్.ఐ.వి. కలిసి తిన్నందువల్ల, కౌగిలించుకున్నందువల్ల రాదు. రక్తం ద్వారా వచ్చే హెపటైటిస్-సికి ఇప్పుడు సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నయమవుతోంది. కాకపోతే షేవింగ్ బ్లేడు మాత్రం ఎవరిది వారికే ఉండాలి. సందేహాలుంటే హెచ్.ఐ.వి. గురించి 1097కు, క్షయ గురించి 1800-11-6666కు ఫోను చేయవచ్చు. పేరు చెప్పడానికి సంకోచిస్తే చెప్పకుండానే అడగండి.