నెలకు ఎంత పట్టమంటారు? – జీతంలో పన్ను కోత, రంజాన్ దానం

మన సంస్థకు చందా, జకాత్, సదఖా పంపే దాతల్లో జీతం మీద బతికేవారు చాలామంది ఉన్నారు. ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు, గుంతకల్లు రైల్వే డివిజన్ సిబ్బంది, బ్యాంకు ఉద్యోగులు, పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా కర్మాగారంలోనో బెంగళూరు కంపెనీల్లోనో పనిచేసే మన పిల్లలు. వీరిలో చాలామందికి ఫిబ్రవరి వస్తుందంటే గుబులు. ఐటీ ఫారాలు నింపే నెల అది. ఏడాది పొడవునా పట్టని పన్నంతా ఆ ఒక్క జీతంలోంచి పోతుంది.

ఇది ఎప్పుడూ ఉన్న బాధే. ఈ నాలుగేళ్లలో మాత్రం దీనికి మరొకటి తోడైంది. చాంద్రమాన లెక్క వల్ల రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఈదుల్ ఫిత్ర్ మార్చి 31న, అంటే సరిగ్గా ఆర్థిక సంవత్సరం చివరి రోజున వచ్చింది. 2026లో ఉపవాసాలు ఫిబ్రవరి మూడో వారంలోనే మొదలు. అంటే ఫిబ్రవరి జీతం చేతికి వచ్చేది రంజాన్ మధ్యలో. మన అనంతపురం సీమలో అప్పటికి వేరుశనగ డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, బోర్లలో నీరు అడుగంటుతుంది, కూలీలు బెంగళూరు బస్సులెక్కుతుంటారు. సాయం కోరి తలుపు తట్టేవారు ఎక్కువగా ఉండే రోజుల్లోనే దాత జేబు ఖాళీగా ఉంటుంది. దానం చేసే మనసు లేక కాదు, పన్నును ఏడాది పొడవునా సర్దుకోకపోవడం వల్ల.

చట్టం అసలు ఇలా చెప్పలేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షన్ ప్రకారం యజమాని మీ ఏడాది జీతాన్ని ముందే అంచనా వేసి, దాని మీద వచ్చే పన్నును సగటున ప్రతి నెల జీతంలోంచీ పట్టాలి. హెచ్చుతగ్గులుంటే అదే సంవత్సరంలో సరిచేయవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారుతాయి గాని ఈ పద్ధతి మారదు. కాని మన దగ్గర జరిగేది వేరు. జీతాల బిల్లు చేసే అధికారి “నెలకు ఎంత పట్టమంటారు?” అని అడుగుతారు. ఇంట్లో ఖర్చులు గుర్తొచ్చి మనం “వెయ్యి చాలు సార్, మిగతాది ఫిబ్రవరిలో చూద్దాం” అంటాం. ఆ ఒక్క మాటే తర్వాత అంత బరువవుతుంది.

ఒక లెక్క చూద్దాం. 2025–26లో ఒక హెడ్మాస్టరు గారి జీతం ఏడాదికి 14,75,000 రూపాయలు అనుకుందాం. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 14 లక్షలు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 20,000. 8 నుంచి 12 దాకా 10 శాతం, 40,000. మిగిలిన 2 లక్షలకు 15 శాతం, 30,000. మొత్తం 90,000, నాలుగు శాతం సెస్సుతో 93,600. నెలకు పంచితే 7,800. ఏప్రిల్ నుంచే పట్టమంటే ఇంట్లో ఎవరికీ పెద్దగా తెలియదు. అంతా ఫిబ్రవరికి వదిలితే, నెలకు లక్షా ఇరవై మూడు వేలకు కాస్త తక్కువగా వచ్చే జీతంలో మిగిలేది ఇరవై తొమ్మిది వేలే. అందులోంచి ఇంటి అప్పు కిస్తీ, పిల్లల ఫీజు, ఇఫ్తార్, ఫిత్రా, జకాత్!

జీతం 12,75,000 దాటనివారికి కొత్త విధానంలో, వేరే ఆదాయం లేకపోతే, రిబేటు వల్ల పన్నే పడదు. వారికి ఈ గొడవ లేదు.

ఇక దాతలు తరచుగా అడిగేది: “మీ రసీదు పెడితే పన్ను తగ్గుతుంది కదా, అందుకని పాత విధానంలోనే ఉండమంటారా?” దీనికి సూటిగా జవాబు చెప్పుకోవాలి. దానానికి 80జి మినహాయింపు పాత విధానంలోనే ఉంది, కొత్త దాంట్లో లేదు. పైన చెప్పిన హెడ్మాస్టరు గారే పాత విధానంలో ఉండి, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సి కింద లక్షన్నర, ఆరోగ్య బీమా 25,000 చూపించి, ఒక ట్రస్టుకు 50,000 దానం చేశారనుకోండి. మామూలుగా అందులో సగం, అంటే 25,000 మినహాయింపు వస్తుంది. పన్ను కట్టాల్సిన ఆదాయం 12,25,000. పన్ను సెస్సుతో కలిపి 1,87,200. కొత్త విధానంలో కట్టేదానికి సరిగ్గా రెట్టింపు. దానం వల్ల తగ్గింది 7,800 మాత్రమే. దాని కోసం 93,600 ఎక్కువ కట్టడం వివేకం కాదు. ఇంటి అప్పు వడ్డీ రెండు లక్షలు, పైగా ఇంటద్దె మినహాయింపు మరో లక్షన్నర ఉన్నవారికే పాత విధానం దీనితో సమానంగా నిలుస్తుంది. అలాంటివారు లెక్క వేసుకునే నిర్ణయించుకోవాలి.

2023–24 నుంచి మీరు ఏమీ చెప్పకపోతే యజమాని కొత్త విధానమే ఎంచుకున్నట్టు లెక్కేస్తారు. మీరు చెప్పేది నెల కోత కోసమే. వ్యాపార ఆదాయం లేని జీతగాడు రిటర్నులో తిరిగి ఎంచుకోవచ్చు. అయితే పాత విధానం కావాలంటే రిటర్ను గడువులోగా వేయాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మామూలు ట్రస్టుకు ఇచ్చిన దానాన్ని జీతం బిల్లు దగ్గర తగ్గించరు. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి కరువు సహాయ నిధి వంటి కొన్నిటికే ఆ వెసులుబాటు. మిగతా రసీదులు రిటర్నులో చూపి వాపసు తెచ్చుకోవాల్సిందే. కాబట్టి రసీదు పట్టుకుని ఫిబ్రవరిలో అధికారితో వాదించి లాభం లేదు.

ఆ రసీదు కూడా ఎలాంటిదో చూసుకోండి. సంస్థ ఏదైనా సరే, దానికి 80జి గుర్తింపు నంబరు ఉందా అని అడగండి. ఒక మతంవారి మేలు కోసమేనని పత్రాల్లో రాసుకున్న సంస్థకు ఆ గుర్తింపు రాదు. నగదు 2,000 దాటితే మినహాయింపు లేదు. బియ్యం, బట్టలు, రేషన్ కిట్లు ఎంత పుణ్యమైనా పన్ను లెక్కలోకి రావు. జకాత్ అన్న పేరుకు చట్టంలో విడిగా చోటు లేదు. దాతల వివరాలను సంస్థ మే 31 లోగా ఆన్‌లైన్‌లో దాఖలు చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. మీ పాన్ లేదా ఆధార్ వంటి గుర్తింపు నంబరు లేకపోతే అది సాగదు. ఇవ్వని దానాన్ని రాయించుకునే వారి సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపుల మీద దేశమంతా 150 చోట్ల తనిఖీలు చేసింది. అందులో 80జి కూడా ఉంది.

వడ్డీ విషయం మనకు మరీ ముఖ్యం. కోత తక్కువైతే, కట్టాల్సిన బాకీ 10,000 దాటినప్పుడు ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. కోత బాగా ఎక్కువైతే ప్రభుత్వమే వాపసు మీద నెలకు అర శాతం వడ్డీ ఇస్తుంది. ఇవ్వడమూ వద్దు, తీసుకోవడమూ వద్దు అనుకునేవారికి కోత సరిగ్గా ఉండటమే మార్గం.

బ్యాంకులో డబ్బు ఉంచక తప్పనివారు వచ్చిన వడ్డీని సవాబు ఆశించకుండా పేదలకు ఇచ్చేస్తుంటారు. మంచిదే. కాని పన్ను శాఖ దృష్టిలో అది మీ ఆదాయమే, మీ పాన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. డిపాజిట్ వడ్డీ 60,000 వస్తే బ్యాంకు 10 శాతం, 6,000 పడుతుంది. మన హెడ్మాస్టరు గారికి దాని మీద పడే పన్ను 9,360. ఆ తేడా 3,360ని కూడా జీతంలోనే పట్టమని యజమానికి రాసి ఇవ్వవచ్చు. వడ్డీ వంటి ఇతర ఆదాయాన్ని చెప్పి కోత పెంచుకునే వీలు చట్టంలో ఉంది. బ్యాంకు పట్టిన పన్నును కూడా 2024 అక్టోబరు నుంచి లెక్కలోకి తీసుకుంటున్నారు.

సేద్యం ఉన్నవారికి ఒక మాట. వేరుశనగ మీద వచ్చిన ఆదాయానికి పన్ను లేదు గాని, నికరంగా 5,000 దాటితే జీతం మీద పన్ను రేటు లెక్కలో దాన్ని కలుపుతారు. పంట పోయిన ఏడు ఆ బాధ కూడా ఉండదు, మన సీమలో అది తరచుగా జరిగేదే.

గల్ఫ్‌లోని దాతలకు జీతం మీద కోత లేదు. సౌదీ, కువైట్, యూఏఈలలో జీతానికి ఆదాయపు పన్నే లేదు. ఇక్కడి ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ మీద మాత్రం బ్యాంకు 30 శాతం పడుతుంది, సెస్సు అదనం. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు.

జీతగాళ్లు ఏప్రిల్ మొదటి వారంలోనే పాత జీతం స్లిప్పు దగ్గర పెట్టుకుని ఏడాది పన్ను లెక్కేసి, పన్నెండుతో భాగించి, ఆ అంకెను కాగితం మీద రాసి బిల్లు చేసే అధికారికి ఇవ్వండి. ఇంక్రిమెంటో, డీఏ బకాయిలో పడితే అక్టోబరులో ఒకసారి సరిచూడండి. పీఆర్సీ బకాయిలు పడిన ఏడు ఇది తప్పనిసరి, ఎందుకంటే అవి ఏ సంవత్సరానివైనా చేతికొచ్చిన ఏడాదిలోనే పన్ను లెక్కకు వస్తాయి. అప్పుడు సెక్షన్ 89 ఉపశమనం కోసం 10ఇ ఫారం రిటర్నుకు ముందే వేయాలి.