పద్యమూ పథ్యమే

కవిత్వం ఆర్ట్సు వాళ్ళదనీ, మనకు టెస్టుట్యూబులు చాలుననీ మా సైన్సు విద్యార్థుల్లో ఒక అభిప్రాయం ఉన్నది. కాని జబ్బుపడిన మనిషి తిరిగి మాట, నడక, ధైర్యం కూడగట్టుకునే రోజుల్లో రాతకూ పద్యానికీ కూడా పని ఉన్నదని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు రాత సంగతి చూద్దాం. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే ఇద్దరు మనలాంటి కాలేజీ విద్యార్థుల మీదే ఒక ప్రయోగం చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, కొందరిని మనసులోని బాధ గురించి, కొందరిని మామూలు సంగతుల గురించి రాయమన్నారు. బాధను విప్పి రాసినవాళ్ళు ఆ పూట ఇంకా దిగులుపడ్డారు. కాని తర్వాతి నెలల్లో వాళ్ళు వైద్యానికి వెళ్ళటం తగ్గింది. 1999లో ఉబ్బసం, రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్న 112 మందిని ఇలాగే పరీక్షించారు. నాలుగు నెలల తర్వాత చూస్తే బాధను రాసినవారిలో నూటికి 47 మంది, మామూలు సంగతులు రాసినవారిలో నూటికి 24 మంది మెరుగుపడ్డారు.

అయితే ఇది మంత్రం కాదు. 2006లో 146 పరిశోధనలను కలిపి లెక్కవేస్తే, మేలు ఉన్నది గాని సగటున చిన్నదేనని తేలింది. మందు మానేసి కవిత్వం రాయమని కాదు, మందుతోపాటు రాయమనే నా మనవి.

ఇక పద్యం. పక్షవాతంలో మెదడు ఎడమభాగం దెబ్బతింటే చాలామందికి మాట పోతుంది. మా పెదనాన్నకు అలాగే అయింది. "నీళ్ళు" అనటానికి పెనుగులాడే మనిషి, నాయనమ్మ వేమన పద్యం ఎత్తుకుంటే మకుటం దాకా అందుకునేవాడు. మా ఊళ్ళో కొందరు దేవుడి మహిమ అన్నారు. ఇంకొందరు "మాట వచ్చుగాని కావాలనే పలకడంలేదు" అన్నారు. ఆ మాటకు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. రెండూ నిజం కావు. 2011లో జర్మనీలో 17 మంది రోగులను పరీక్షించి, రాగంకంటే లయా, నోటికి బాగా వచ్చిన మాటలూ ఎక్కువ సాయపడతాయని చూపించారు. మన పద్యంలో ఉన్నవి ఆ రెండే గదా! డాక్టరుగారిని అడిగి, తొడమీద తాళం వేస్తూ "నీళ్ళు కావాలి", "అన్నం పెట్టు" అని రోజూ పలికించాం. ఆరు నెలలకు ఆ చిన్న మాటలు వచ్చాయి. ఇందులో వైద్యం పాలెంతో, లయ పాలెంతో విడదీయలేను. "అన్నం పెట్టు" అన్న రోజున మాత్రం పెద్దమ్మ రెండు ముద్దలు ఎక్కువే పెట్టింది.

స్వీడన్ కవి టోమస్ ట్రాన్‌స్ట్రోమర్‌కు 1990లో పక్షవాతం వచ్చి మాట దాదాపు పోయింది. అయినా 1996లో కొత్త కవితాసంపుటి తెచ్చారు. 2011లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మాట పోయినంత మాత్రాన మనిషిలోని భావం పోదని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మిత్రులారా! ఆస్పత్రిలో రోగిని చూడబోతూ మనం పళ్ళు పట్టుకెళ్తాం. ఈసారి ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా పట్టుకెళ్దాం. రాయలేనివారు చెబితే మనం రాసిపెడదాం. తప్పులు దిద్దవద్దు. వద్దంటే బలవంతం చేయవద్దు. వాళ్ళ మాట కోసం కాసేపు ఓపికగా కూర్చుందాం.