చిప్ మొరాయిస్తే పిలిచేది వీళ్లనే!

సిమ్యులేషన్‌లో చక్కగా నడిచిన డిజైన్ బోర్డు మీదికి ఎక్కగానే మొండికేస్తుంది. లేదా పొద్దున బాగానే పనిచేసి, బోర్డు వేడెక్కాక తప్పుడు డేటా ఇవ్వడం మొదలుపెడుతుంది. ఎఫ్‌పీజీఏలతో పనిచేసే ప్రతి బృందానికీ ఈ తలనొప్పి తెలుసు. లోపం డిజైన్‌లో ఉందా, టూల్‌లో ఉందా, బోర్డులో ఉందా, చిప్‌లోనే ఉందా అన్నది తేల్చేవాళ్లే అప్లికేషన్స్ ఇంజినీర్లు. వీఎల్‌ఎస్‌ఐ అనగానే డిజైన్, వెరిఫికేషన్ కొలువులే గుర్తుకొచ్చే ఈసీఈ, ట్రిపుల్ఈ విద్యార్థులు ఈ మూడో దారిని కూడా పరిశీలించాలి.

అవకాశాలు ఎక్కడ?

మామూలు చిప్ చేయాల్సిన పని తయారీలోనే ఖరారైపోతుంది. ఎఫ్‌పీజీఏ లోపలి సర్క్యూట్‌ను మాత్రం కొన్నవాళ్లే తమ అవసరానికి తగ్గట్టు మలచుకోవచ్చు, మళ్లీ మార్చుకోవచ్చు. 1985లో జైలింక్స్ తెచ్చిన తొలి ఎఫ్‌పీజీఏలో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులే. నేటి పెద్ద చిప్‌లలో లాజిక్ సెల్స్ లక్షల్లో ఉంటాయి. వాటితోపాటే హైస్పీడ్ సీరియల్ లింకులు, మెమరీ కంట్రోలర్లు, ప్రాసెసర్లూ ఒకే చిప్‌లో ఇమిడిపోతున్నాయి. చిప్ ఇంత సంక్లిష్టమైనప్పుడు దాన్ని అమ్మే కంపెనీ కొన్నవాళ్లకు ఇంజినీరింగ్ సాయం కూడా అందించక తప్పదు. ఈ ఉద్యోగాలు పుట్టింది అక్కడే.

జైలింక్స్ 2022లో ఏఎండీలో కలిసిపోయింది. ఆల్టెరా, మైక్రోచిప్, లాటిస్ ఈ రంగంలోని ఇతర ప్రధాన సంస్థలు. ఏఎండీ, మైక్రోచిప్‌లకు హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. చిప్ కంపెనీల్లోనే కాకుండా డిస్ట్రిబ్యూటర్ల దగ్గర, డిజైన్ సర్వీసుల సంస్థల్లో కూడా ఇలాంటి కొలువులుంటాయి. కస్టమర్ దగ్గరికే వెళ్లి సాయపడేవారిని ఫీల్డ్ అప్లికేషన్స్ ఇంజినీర్లంటారు. రాడార్లు, టెలికాం పరికరాలు, వైద్య స్కానర్లు తయారుచేసే సంస్థలకూ సొంతంగా ఇలాంటి నైపుణ్యమున్న ఇంజినీర్లు కావాలి.

పని ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. 200 మెగాహెర్ట్జ్ క్లాక్ అంటే ఒక్కో సైకిల్‌కు 5 నానోసెకన్లు. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి బయల్దేరిన సిగ్నల్ మధ్యలోని లాజిక్‌ను దాటుకుని ఆ గడువులోగా తర్వాతి ఫ్లిప్‌ఫ్లాప్‌కు చేరాలి. దానికి 5.4 నానోసెకన్లు కావాల్సి వస్తే టైమింగ్ రిపోర్ట్‌లో స్లాక్ మైనస్ 0.4 అని కనిపిస్తుంది. అనుభవం లేనివాళ్లు ఇక్కడే టూల్ సెట్టింగులు ఒక్కొక్కటీ మార్చి చూస్తారు. అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే. అనుభవజ్ఞులు మాత్రం ముందు ఆ సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూస్తారు. లాజిక్ మెట్లు ఎక్కువైతే మధ్యలో పైప్‌లైన్ రిజిస్టర్ పెట్టమంటారు. ఒకే సిగ్నల్ వందల చోట్లకు వెళ్లాల్సి రావడంవల్ల ఆలస్యమవుతుంటే ఆ రిజిస్టర్‌కు నకళ్లు తీయమంటారు. జబ్బు ఒకటే అయినా కారణాన్నిబట్టి మందు మారుతుంది.

రెండో రకం సమస్యలు ఇంకా మొండివి. డిజైన్ గంటల తరబడి బాగానే నడిచి హఠాత్తుగా ఆగిపోతుంది. టైమింగ్ రిపోర్ట్‌లో తప్పేమీ కనిపించదు. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఒక క్లాక్ నుంచి మరో క్లాక్‌కు దాటే సిగ్నళ్లను. సరైన సింక్రనైజర్ లేకపోతే ఫ్లిప్‌ఫ్లాప్ కాసేపు సున్నా, ఒకటి కాని అస్థిర స్థితిలో పడుతుంది. మామూలు సిమ్యులేషన్ దీన్ని చూపించదు. పైగా, ఆ రెండు క్లాక్‌ల మధ్య దారుల్ని పరిశీలించొద్దని కన్‌స్ట్రెయింట్స్ ఫైల్‌లో ఎవరైనా రాసి ఉంటే టైమింగ్ రిపోర్ట్ కూడా నోరు విప్పదు.

కస్టమర్ డిజైన్ చాలాసార్లు రహస్యం. పూర్తి కోడ్ చేతికి రాదు. కాబట్టి సరైన ప్రశ్నలడగడమే అసలు విద్య. టూల్ వెర్షన్ ఏమిటి? అన్ని బోర్డుల్లోనూ వస్తోందా, ఒక్కదాంట్లోనేనా? క్లాక్ తగ్గిస్తే పోతోందా? చివరిసారి సరిగ్గా పనిచేశాక ఏం మార్చారు? ఈ జవాబులతో సమస్యను కుదించి, అదే లోపాన్ని మళ్లీ చూపించే చిన్న డిజైన్ తయారుచేయగలిగితే సగం పని అయిపోయినట్టే. లోపం టూల్‌దే అని తేలినా, దాన్ని సరిచేసే బృందం మొదట అడిగేది ఆ చిన్న డిజైన్‌నే. వాళ్లు సరిచేసేలోగా కస్టమర్ పని ఆగకుండా ప్రత్యామ్నాయం చూపించాల్సిన బాధ్యత కూడా మీదే.

ఏం నేర్చుకోవాలి?

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పునాది గట్టిగా ఉండాలి. వెరిలాగ్, వీహెచ్‌డీఎల్‌లలో ఒకటి బాగా రావాలి, రెండోది చదివితే అర్థమవ్వాలి. టైమింగ్ కన్‌స్ట్రెయింట్లు సొంతంగా రాయగలగాలి. టీసీఎల్ స్క్రిప్టింగ్, లినక్స్, బోర్డు స్కీమాటిక్ చదవడం, ఆసిలోస్కోప్ వాడకం తెలిసుండాలి. ఏఎక్స్‌ఐ, పీసీఐ ఎక్స్‌ప్రెస్, డీడీఆర్‌లలో ఒకదానిపై లోతైన పట్టు ఉంటే మరీ మంచిది. వీటితో సమానంగా చూసేది రాత. ఏం గమనించారు, ఏం ప్రయత్నించారు, ఏం తేలింది అన్నది సరళమైన ఇంగ్లిష్‌లో పది వాక్యాల్లో రాయగలగాలి.

సాధనకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వెరిలాగ్‌పై ఎన్‌పీటీఈఎల్‌లో ఉచిత పాఠాలున్నాయి. ఐకారస్ వెరిలాగ్, జీటీకే వేవ్ ఉచితంగా దొరుకుతాయి. ఏఎండీ వివాడో ఉచిత ఎడిషన్‌తో ఆర్టిక్స్-7 చిప్ ఉన్న చిన్న బోర్డులపై పనిచేయొచ్చు. బోర్డు కొనలేకపోతే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు, కాలేజీ ల్యాబ్‌లో ఉందేమో అడగొచ్చు. బోర్డు చేతికొచ్చాక డిజైన్‌ను కావాలనే పాడుచేసి చూడండి. క్లాక్ వేగం పెంచండి, సింక్రనైజర్ తీసేయండి, కన్‌స్ట్రెయింట్ చెరిపేయండి. ఏ లోపం ఏ రిపోర్ట్‌లో, ఏ హెచ్చరికలో ఎలా కనిపిస్తోందో రాసుకోండి. చిప్ లోపలి సిగ్నళ్లను చూపించే ఇంటిగ్రేటెడ్ లాజిక్ అనలైజర్‌ను అలవాటు చేసుకోండి.

ఇంటర్వ్యూలో...

‘క్లాక్ వేగం తగ్గిస్తే సెటప్ లోపం పోతుంది, హోల్డ్ లోపం ఎందుకు పోదు?’ లాంటి ప్రశ్నలు ఎదురవుతాయి. హోల్డ్‌ను ఒకే క్లాక్ అంచు దగ్గర చూస్తారు కాబట్టి సైకిల్ నిడివితో దానికి సంబంధం లేదు. ఈ ఒక్క జవాబుతోనే కంఠతా పట్టినవాళ్లెవరో, అర్థం చేసుకున్నవాళ్లెవరో బయటపడుతుంది. కొన్నిసార్లు సమస్య చెప్పి ‘మొదట ఏం చూస్తారు?’ అంటారు. వెంటనే పరిష్కారం చెప్పేయకుండా, ఏ వరుసలో అనుమానాలు తీర్చుకుంటూ వెళ్తారో చెప్పండి.

ఈ కొలువులో ఇబ్బందులూ లేకపోలేదు. విదేశీ కస్టమర్లతో రాత్రిపూట కాల్స్ ఉండొచ్చు. గడువు ముంచుకొచ్చిన కస్టమర్ విసుక్కోవచ్చు. అయితే పదిరకాల కంపెనీల డిజైన్లు, పదిరకాల తప్పులు చూసే అవకాశం డిజైన్ బృందంలో కూర్చున్నవాళ్లకు అంత తొందరగా రాదు. ఆ అనుభవంతో తర్వాత డిజైన్, సిస్టమ్ ఆర్కిటెక్చర్, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ వైపు వెళ్లొచ్చు.

రెజ్యుమె రాసేటప్పుడు ‘ట్రాఫిక్ లైట్ కంట్రోలర్ చేశాను’ అన్న వాక్యంతో ఆగిపోకండి. అది ఎక్కడ పనిచేయలేదో, కారణం ఎలా పట్టుకున్నారో మరో రెండు వాక్యాలు చేర్చండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువసేపు మాట్లాడేది వాటి గురించే.