గడిలో రాసింది చెవికి వినబడాలంటే



మేము ముగ్గురం. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, ఒకరిది భూపాలపల్లి. 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ వరంగల్ జిల్లా ఊళ్లే, ఇప్పుడు మూడు జిల్లాల కేంద్రాలు. ముగ్గురం సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాం. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే ఈ విషయం తీసుకున్నాం. కారణం, మా గదిలోనే చదివిన నాలుగో మిత్రుడు. అతనికి చూపు లేదు.

కొన్నేళ్ల కిందట అతను ఒక ఉద్యోగానికి కంప్యూటర్‌లో దరఖాస్తు నింపాడు. ప్రతి గడి దగ్గరా కంప్యూటర్ 'ఎడిట్' అని మాత్రమే పలికింది. ఏ గడిలో ఏం రాయాలో చెప్పలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నింపాడు. ఒక్క గడి తప్పింది. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఊరి పేరు పడి, దరఖాస్తు తిరిగొచ్చింది. హాస్టల్‌లో ట్రంకు పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయని పెయింటుతో పేర్లు రాసుకుంటాం కదా! పేర్లు లేని పెట్టెల మధ్య అతన్ని నిలబెట్టింది మావంటి ప్రోగ్రామర్లే.

అతను వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్. 2006లో చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, మైఖేల్ కరన్, జేమ్స్ టే, దీన్ని మొదలుపెట్టారు. ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదే పనికి టాక్‌బ్యాక్ ఉంది.

స్క్రీన్ రీడర్‌కు కళ్లున్నాయని మేమూ మొదట్లో అనుకున్నాం. లేవు. అది ప్రధానంగా సాఫ్ట్‌వేర్‌ను ప్రశ్నలు అడుగుతుంది: ఇది ఏమిటి? దీని పేరేమిటి? ఇందులో ఏం రాసి ఉంది? కర్సర్ ఏ అక్షరం దగ్గర ఉంది? ఎంత భాగం ఎంపికైంది? 1997లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన తొలి ఏర్పాటులో పేరు, విలువ చెప్పే వీలుండేది గాని, రాసిన దాంట్లో అక్షరం అక్షరంగా, పంక్తి పంక్తిగా తిరిగే వీలు సరిగా లేదు. ఆ లోటును తరువాత వచ్చిన యూఐ ఆటోమేషన్, ఐయాక్సెసిబుల్2 తీర్చాయి. చదవడం ఒక ఎత్తు, దిద్దడం ఒక ఎత్తు. ఎక్కడున్నామో తెలియకుండా ఎవరైనా ఏం దిద్దుతారు?

తెలుగులో ఈ చిక్కు మరింత. మా ఊళ్ల పేర్లే చూడండి. 'జనగామ' కంటికి నాలుగు అక్షరాలు, కంప్యూటర్‌కు ఐదు సంకేతాలు. 'మహబూబాబాద్' ఆరు అక్షరాలు, పది సంకేతాలు. 'భూపాలపల్లి' ఐదు అక్షరాలు, అదీ పది సంకేతాలే. ఎందుకంటే గుణింతానికి ఒక సంకేతం, వత్తు కలిపే పొల్లుకు ఇంకొకటి. బాణం మీట నొక్కితే కర్సర్ 'ల్లి'ని ఒక్క గంతులో దాటుతుంది. కానీ బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా సాఫ్ట్‌వేర్లలో గుడి మాత్రమే పోయి 'ల్ల' మిగులుతుంది. మళ్లీ నొక్కితే 'ల్'. చూసేవారికి తెర మీద తెలుస్తుంది. చూడలేనివారికి ఏం పోయిందో, ఏం మిగిలిందో చెవిలో చెప్పాలి. ఆ సమాచారం సాఫ్ట్‌వేర్ ఇస్తేనే స్క్రీన్ రీడర్ చెప్పగలదు.

కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్లు ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. గడిని సొంతంగా బొమ్మలా గీయకండి. గీస్తే స్క్రీన్ రీడర్ అడిగే ప్రశ్నలన్నిటికీ మీరే జవాబులు రాయాలి. వ్యవస్థ ఇచ్చే మామూలు గడికి అవి చాలావరకు ముందే వచ్చు. వెబ్ పేజీలో ప్రతి ఇన్‌పుట్‌కు లేబుల్ కట్టండి. గడిలో బూడిద రంగులో కనిపించే సూచన లేబుల్ కాదు, రాయడం మొదలుపెట్టగానే మాయమవుతుంది. మామూలు డివ్‌ను రాసే గడిగా మార్చితే దానికి 'టెక్స్ట్‌బాక్స్' అనే రోల్, ఒక పేరు ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో మేము చేసిన పొరపాటు ఒకటి చెబుతాం. మేలు చేద్దామని రాసే గడికి కంటెంట్ డిస్క్రిప్షన్ పెట్టాం. దాంతో మిత్రుడు ఏం రాసినా టాక్‌బ్యాక్ మా వివరణే చదివింది, అతను రాసింది చదవలేదు! అక్కడ హింట్ గాని, వేరే లేబుల్ గాని వాడాలి. తప్పు పడినప్పుడు గడిని ఎర్రగా చేసి ఊరుకోవడమూ కుదరదు, ఏం తప్పో మాటల్లో రాయాలి.

పరీక్షించడం తేలిక. మౌస్ పీకేయండి, తెర ఆపేయండి, ఎన్‌వీడీఏ పెట్టుకొని మీ ఫారం మీరే నింపండి. మా మొదటి ఫారం మాకే మూడో గడి దాటలేదు.

ఇక మన సంచిక సంగతి. పాత సంచికలు డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. వాటిలో తెలుగు అక్షరపు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టారు. కాగితం మీద ముత్యాల్లా ఉంటాయి, ఫైలు తెరిచి వింటే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినబడతాయి. తన పద్యం అచ్చయిన సంచికను కూడా మా మిత్రుడు ఇంతవరకు స్వయంగా చదువుకోలేదు. యూనికోడ్ తెలుగు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ నుంచే కంప్యూటర్లలో ఉంది, అలవాటే మారలేదు. ఈసారి వార్డెన్ గారు ఒప్పుకొని యూనికోడ్ ఫైలు కూడా చేయిస్తున్నారు. పాతవాటిని మార్చే పని మేము సెలవుల్లో మొదలుపెట్టాం. వత్తుల దగ్గర తప్పులు పడుతున్నాయి, సాయం పట్టే తమ్ముళ్లు కావాలి.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చేముందు అతనే విని దిద్దాడు. మేము ముగ్గురం చదివి వదిలేసిన తప్పులు మూడు పట్టాడు. అందులో ఒకటి, 'భూపాలపల్లి'లో లావత్తు లేకపోవడం.