బెదిరే ఆడగుర్రానికి మాలీషు: నిలబడే చోటు, చెయ్యి తీసే వేళ

గోల్నాక వంతెన మీదుగా మూసీ దాటితే మలక్‌పేట రేస్‌కోర్సు. తార్నాకకు అవతల మౌలాలిలో మొదలైన గుర్రప్పందేలు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, ఇక్కడికి మారాయి. పందెం గుర్రానికి సైసు, డాక్టరు, లాడాలు కొట్టేవాడు అందరూ ఉంటారు. గోషామహల్ పేరు చెప్పగానే గుర్తొచ్చే పోలీసు గుర్రాలకూ ఓ పద్ధతి, ఓ పట్టిక ఉంటాయి. నగరంలో ఎక్కువమంది దగ్గర నుంచి చూసే గుర్రానికి మాత్రం ఇవేవీ ఉండవు. అది బరాత్‌లో పెళ్లికొడుకును మోసే తెల్ల ఆడగుర్రం.

ఫంక్షన్ హాలు ముందు డీజే పెట్టెల మధ్య, టపాసుల పొగలో అర్ధరాత్రి దాకా నిలబడిన గుర్రాన్ని పొద్దున్నే మాలీషుకు కట్టేస్తారు. గొరపం ఒంటికి తగలగానే చెవులు వెనక్కి వాలుస్తుంది, తోక విసురుతుంది, కాలు లేపుతుంది. ‘దీనికి పొగరెక్కింది’ అని నాలుగు తగిలిస్తారు. మర్నాటికి అది కాలు ఇంకా తొందరగా లేపుతుంది.

మూడు నాలుగు వందల కిలోల జంతువును చేతి బలంతో నిలబెట్టగలవాడు లేడు. ఇక్కడ పనికొచ్చేవి రెండే: మీరు ఎక్కడ నిలబడ్డారన్నది, చెయ్యి ఎప్పుడు తీశారన్నది. కింద చెప్పిన వరుసంతా ఈ రెండింటినీ పట్టుకునే నడుస్తుంది.

1. ముందు నొప్పి సంగతి తేల్చుకోండి

మొన్నటి దాకా ఒద్దికగా నిలబడ్డ గుర్రం హఠాత్తుగా కరవబోతే మాలీషు పక్కన పెట్టి పశువుల డాక్టరును పిలవాలి. గుర్రం కడుపులో మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. సాయంత్రం అలంకరణ మొదలైనప్పటి నుంచి అర్ధరాత్రి దాకా గడ్డిపరక ముట్టని గుర్రానికి పొట్టలో పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ. అలాంటి గుర్రం కడుపు కింద తంగు, అంటే జీను పట్టీ, బిగించే చోట చెయ్యి పడగానే ఉలిక్కిపడవచ్చు. జీను ఒరిసిన పుండు, పిడుదులు, తామర, బిగుసుకున్న లాడం, బుగ్గకు గుచ్చుకునే పంటి మొన కూడా ఇలాగే తన్నిస్తాయి. తల ముట్టనివ్వకపోతే నోట్లో గాయాలున్నాయేమో చూపించండి. పనిచేసే పశువులకు ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది.

నిమ్మళంగా ఉన్న గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్లు ఆనిస్తే తెలుస్తుంది. ఒంటివేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. దాన్ని తోక కింద చూడాలి కాబట్టి, తన్నే గుర్రమైతే ఆ పని డాక్టరుకే వదిలేయండి. మింగలేక చొంగ కారుస్తూ ఊరికే మీద పడుతుంటే రేబిస్‌ను అనుమానించాలి, నోట్లో చెయ్యి పెట్టకూడదు. ముక్కులోంచి చిక్కటి చీమిడి, ఒంటి మీద గడ్డలు కనిపిస్తే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది. వెంటనే దూరంగా కట్టి పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

ఆడగుర్రం కాబట్టి ఎద సంగతి కూడా చూసుకోవాలి. పగళ్లు పొడుగ్గా ఉండే నెలల్లో సుమారు 21 రోజులకోసారి ఎదకొచ్చి, 5 నుంచి 7 రోజులు ఆ తీరులోనే ఉంటుంది. మాటిమాటికీ మూత్రం పోయడం, తోక ఎత్తడం, కీచుమని అరవడం కనిపిస్తాయి. ఆ రోజుల్లో డొక్కలు తాకనివ్వని గుర్రాలున్నాయి. గోడ క్యాలెండర్‌లో తేదీల మీద గీత పెట్టుకుంటే రెండు మూడు నెలల్లో లెక్క తెలిసిపోతుంది. ఆ రోజుల్లో మెడా వీపుతో సరిపెట్టండి.

2. చోటు చూసుకోండి

ఇరుకు సందు పనికిరాదు. నేల జారకూడదు. గుర్రానికి ఒక పక్క గోడ ఉండాలి, మీ పక్కంతా ఖాళీగా ఉండాలి. గుర్రానికీ గోడకూ మధ్య మీరు ఎప్పుడూ దూరకూడదు. రెండో పక్క తోమాలంటే గుర్రాన్నే తిప్పి నిలబెట్టండి. బకెట్టు, పార, కరెంటు వైరు, ఏవీ కాళ్ల దగ్గర ఉండకూడదు. పక్కన మరో గుర్రం ఉంటే కనబడేంత దూరంలో కట్టండి, తోడు కనిపిస్తే దీని బెదురు తగ్గుతుంది. గడ్డి తిన్నాకే పని మొదలుపెట్టండి. వీధిలో బ్యాండు మోగుతున్నప్పుడు, బోనాల ఊరేగింపు వస్తున్నప్పుడు ఆపేయండి.

3. మనుషులు సిద్ధం కావాలి

చెప్పులు విప్పి, వేళ్లు మూసే గట్టి బూట్లు వేసుకోవాలి. తలకు హెల్మెట్ ఉండాలి. వేలాడే కండువా, చున్నీ, చేతి ఉంగరం తీసేయాలి. ఫోను జేబులోనే సైలెంట్‌లో పడి ఉండాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండాలి.

ఇద్దరుండాలి: ఒకరు తాడు పట్టుకోవాలి, ఒకరు తోమాలి. ఇద్దరూ ఒకే పక్కన నిలబడాలి. తాడు పట్టుకున్న మనిషి గుర్రం తలను తన వైపు తిప్పితే దాని వెనక భాగం అవతలికి జరుగుతుంది. అంటే తోమే మనిషికి కాళ్లు దూరమవుతాయి. ఒకరు ఇటు, ఒకరు అటు నిలబడితే అదే తిప్పుడుకు కాళ్లు తిన్నగా తోమే మనిషి మీదికి వస్తాయి. మాలీషులో దెబ్బలు తగలడానికి ఇదీ ఓ కారణం. తోమే మనిషి మాట్లాడుతూ ఉండాలి, పక్క మారేముందు ‘అన్నా, అటు తిప్పుతున్నా’ అని చెప్పాలి.

4. తాడు

బెదిరే గుర్రాన్ని కదలకుండా బిగించి కట్టకూడదు, పట్టుకోవడమే మేలు. తాడును చేతికి చుట్టుకోకండి, మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకోండి. గుర్రం పరుగందుకుంటే చుట్టిన తాడు వేళ్లనూ లాక్కుపోతుంది. కట్టక తప్పకపోతే కళ్లేనికి కట్టకండి, తలకు వేసే హాల్టర్‌కే కట్టండి. స్తంభానికి పురికొసతో ఒక చుట్ట వేసి, తాడును ఆ చుట్టకు మూపు ఎత్తులో, కొస లాగితే ఊడిపోయే ముడితో కట్టాలి. గుర్రం వెర్రిగా వెనక్కి గుంజితే పురికొస తెగుతుంది, మెడ బతుకుతుంది. వెనక కాళ్లకు పిఛాడీ తాడు వేసి తోమడం పాత అలవాటు. బెదిరిన గుర్రం దాంతో పెనుగులాడి కాలు విరుచుకోగలదు. దాన్ని వదిలేయడమే మంచిది.

5. దగ్గరికి వెళ్లడం

గుర్రం కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి. దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందరి చోటు, తోక వెనక చోటు కనిపించవు. అందుకే ఎదురుగానూ వద్దు, వెనక నుంచీ వద్దు. భుజం వైపుగా, ఏటవాలుగా, మాట్లాడుతూ నడవండి. చెవి మీ వైపు తిరిగిందంటే మీరొచ్చినట్టు దానికి తెలిసింది. తిరగకపోతే అక్కడే ఆగండి. చేతి వెనక భాగాన్ని వాసన చూడనివ్వండి. మొదటి స్పర్శ భుజం మీద పడాలి, మూతి మీద కాదు.

6. మూపు దగ్గర మొదలుపెట్టండి

జూలు ముగిసి వీపు మొదలయ్యే ఎత్తైన చోటే మూపు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది అక్కడే. ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాల మీద 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని తేలింది. కాబట్టి బ్రష్షు ముట్టకముందు వేళ్లతో మూపును గోకండి. రెండు మూడు క్షణాలు గోకి, ఒక అడుగు పక్కకు జరగండి. మళ్లీ వెళ్లి గోకండి. మెడ కిందికి వాలి, పై పెదవి ముందుకు సాగి వణికితే అది మీ చెయ్యి కోరుకుంటోంది. కొన్ని గుర్రాల విషయంలో మొదటి రోజు పని ఇక్కడితోనే ముగించాలి.

7. మెడ, భుజం, వీపు

పళ్లున్న రబ్బరు గొరపంతో గుండ్రంగా తిప్పుతూ కండ ఉన్న చోటే తోమండి. తరవాత గట్టి కుచ్చు బ్రష్షుతో వెంట్రుక వాలు వెంబడి దుమ్ము దులపండి. ముఖానికీ, ఎముక తేలిన చోట్లకూ మెత్తటి గుడ్డ చాలు. తోమని చెయ్యి ఎప్పుడూ గుర్రం ఒంటి మీదే ఉండాలి. అది కదలబోతే కంటి కంటే ముందు ఆ చేతికే తెలుస్తుంది. దాని ఒంటికి దగ్గరగా, ముఖం తోక వైపు పెట్టి నిలబడండి. చేయి చాపినంత దూరంలో ఉంటే తన్ను పూర్తి ఊపుతో తగులుతుంది, ఆనుకుని ఉంటే నెట్టుడుగానే తగులుతుంది.

గుర్రం ఉన్నపళంగా తన్నదు, అంతకుముందే చాలా చెబుతుంది. మొదట మీ వైపు చెవి వెనక్కి తిరుగుతుంది. ముక్కుపుటాలు, గడ్డం బిగుసుకుంటాయి. కంటి పైన ముడత పడుతుంది. చర్మం ఈగ వాలినట్టు జలదరిస్తుంది. తోక ఒక్కసారి గట్టిగా విసురుతుంది. ఒంటి బరువు ఒక పక్కకు వాల్చి వెనక కాలిని తేలిక చేసుకుంటుంది. 2014లో పరిశోధకులు గుర్రం నొప్పిని కొలవడానికి ఖరారు చేసిన ఆరు ముఖ గుర్తుల్లో వాలిన చెవులు, కంటి చుట్టూ బిగువు, బిగిసిన నోరు, గడ్డం ఉన్నాయి. మీరు మొదటి గుర్తు దగ్గరే ఆగాలి. పాలు పొంగాక గిన్నె దించి ఏం లాభం?

8. డొక్క, తంగు చోటు

అసలు పరీక్ష ఇక్కడే. బరాత్ మర్నాడు చూస్తే ముంగాళ్ల వెనక, తంగు బిగిసిన గీత వెంబడి చెమట ఎండి వెంట్రుకలు తెల్లటి ఉప్పుతో అట్టకట్టి ఉంటాయి. దాని మీద జిగేలు పొడి, జరీ పోగులు. కింద చర్మం ఎర్రగా కంది ఉండవచ్చు. అక్కడ గొరపంతో రుద్దితే కరవకుండా ఎలా ఉంటుంది?

ముందు గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డను భుజం మీద ఆనించండి. అక్కడి నుంచి ఎత్తకుండా జానెడు జరపండి. అది కదలకుండా నిలబడ్డ క్షణంలో గుడ్డ తీసేయండి. మళ్లీ ఆనించి, ఇంకో జానెడు జరిపి, నిలబడగానే తీయండి. నిలబడితే చెయ్యి పోతుందని దానికి అర్థం కావాలి. తోక విసిరినప్పుడు చెయ్యి తీస్తే, విసిరితేనే పోతుందన్న పాఠం నేర్చుకుంటుంది. మరీ చిరాకు పడితే చెయ్యి ఎత్తకుండా అది ఒప్పుకున్న చోటుకు వెనక్కి జరపండి, శాంతించాక తీయండి. కాలు లేచిందంటే మాత్రం పాఠాల సంగతి తరవాత, ముందు మీరు భుజం వైపు జరగండి.

పొదుగు వైపూ, తొడల మధ్యా మొదటి వారాల్లో ముట్టకండి. అక్కడి మురికి కంటే మీ మోకాలు ముఖ్యం.

9. గిట్టలు, తోక

ముంగాలికి భుజం నుంచి చెయ్యి జార్చుకుంటూ గిట్ట దాకా వెళ్లండి. నడుము వంచండి గానీ నేల మీద కూర్చోకండి, మోకాలు ఆనించకండి. కాలు ఎత్తగానే, అది లాక్కోకముందే మీరే కింద పెట్టేయండి. రోజుకు కొంచెం సేపు పెంచండి. గిట్ట కొక్కెంతో మడమ నుంచి మునివేళ్ల వైపు గీకండి. మధ్యలో మెత్తటి త్రికోణాన్ని గుచ్చకుండా దాని రెండు పక్కల కాలువలు శుభ్రం చేయండి. వెనక కాలికి తుంటిని ఆనుకుని నిలబడాలి. గుర్రం వెనక కాలిని వెనక్కే కాదు, ముందుకూ పక్కకూ విసరగలదు.

తోక దువ్వాలంటే తుంటి పక్కన నిలబడి తోకను మీ వైపు లాక్కోండి. వెనక నుంచి అవతలికి పోవాలంటే చెయ్యి పిర్ర మీద ఆనించి ఒంటికి రాసుకుంటూ వెళ్లండి, లేదా మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి చుట్టి రండి. మధ్య దూరమే ప్రమాదం. మెడ కింద నుంచి దూరకండి.

10. అదుపు తప్పితే

ముంగాళ్లెత్తి లేస్తే తాడు వదులు చేసి పక్కకు తప్పుకోండి. వెనక్కి గుంజుతుంటే ఎదురు గుంజకండి, ముడి లాగేయండి. కరవబోతే మోచేతిని అడ్డం పెట్టి దానికదే తగిలేలా చూడండి. మూతి మీద కొడితే రేపటి నుంచి తల అందనివ్వదు. పెదవికి తాడు మెలేసి నిలబెట్టడం, మత్తు ఇవ్వడం డాక్టరు చేతిలో ఉండాల్సిన పనులు. ఎవరికైనా కడుపులోనో తలమీదో తన్ను తగిలితే పైకి గాయం లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

11. ఆపడం

పది పదిహేను నిమిషాలు చాలు. చివర మళ్లీ మూపు గోకి, నీళ్లు పెట్టి, విప్పేయండి. ఏ చోట ఒప్పుకుంది, ఎక్కడ చెవి వాల్చింది, ఒక్క వాక్యం నోటు పుస్తకంలో రాయండి. రెండు మూడు వారాలైనా అదే చోట అదే తీరు ఉంటే ఆ పేజీలు డాక్టరుకు చూపించండి, నొప్పి ఎక్కడుందో వెతకడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

పెళ్లి ముహూర్తాలు దండిగా ఉన్న నెలల్లో వరుస రాత్రుల బుకింగులు తీసుకున్న యజమాని పొద్దున గుర్రం బుద్ధిగా నిలబడాలని ఆశపడటం అన్యాయం. బరాత్ మర్నాడు చెమట ఉప్పు తడి గుడ్డతో తుడిచి, గడ్డి వేసి వదిలేయండి. పూర్తి మాలీషు ఆ మర్నాటికి పెట్టుకోండి. కొత్తగా పనిలో చేరిన కుర్రాడి చేతికి గొరపం ఇచ్చేముందు, రెండు రోజులు తాడు పట్టుకునే పని ఇచ్చి, తోమే మనిషి పాదాలు ఎక్కడ పెడుతున్నాడో చూడమనండి.